ఏలియన్ కాదు సరే, మరి ఎవరి బిడ్డ?

ఏడాదికి ఒక్కసారైనా ఒక ఏలియన్ మన ఫోన్లలోకి దిగుతుంది. ఎండాకాలం వస్తే ఆవకాయ ఎంత తప్పదో ఇదీ అంతే. పెద్ద తల, గుంటలు పడ్డ కళ్లు, పుల్లల్లాంటి చేతులు, వెనకాల గుండెలదిరే మ్యూజిక్కు, పైన ఎర్రక్షరాలతో "నాసా దాచిన నిజం". అది దిగిన గంటలో ప్రతి ఇంట్లోనూ రెండు పార్టీలు తయారవుతాయి. నిజమేననే వాళ్లొకటి, ఫేకనే వాళ్లొకటి.

మా ఫ్యామిలీ గ్రూపులో మొదటి పార్టీకి మా మరిది నాయకుడు, రెండో పార్టీకి మా అబ్బాయి. "ఏమీ లేకపోతే అమెరికావాళ్లు ఎందుకు దాస్తారు వదినా?" అంటాడు మరిది. దాస్తున్నారని ఎవరు చెప్పారయ్యా అంటే ఇంకో వీడియో పంపిస్తాడు. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఏ వీడియో వచ్చినా ఐదు నిమిషాల్లో దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వి లింకు పడేస్తాడు. "బాబాయ్, ఇది ఎప్పుడో తేలిపోయిన కేసు" అని కింద ఓ నవ్వు బొమ్మ. ఇద్దరూ రెండు రోజులు కొట్టుకున్నాక మా ఆడపడుచు గులాబీ పువ్వుతో ఓ శుభోదయం పెడుతుంది. అక్కడితో గొడవ సద్దుమణుగుతుంది, ఇంకో ఏలియన్ వచ్చేదాకా.

నువ్వే పార్టీ అని నన్నడిగితే, ఆ వీడియోల్లో ఉన్నది వేరే గ్రహం నుంచి వచ్చిన ప్రాణి కాదనే అంటాను. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఫేక్ అని తేల్చేసి చేతులు దులుపుకునే మా అబ్బాయి పార్టీతో కూడా నాకు పేచీ ఉంది. "నిజమా, ఫేకా" అన్న దగ్గరే ఇద్దరూ ఆగిపోతున్నారు. తెర మీద పడుకోబెట్టిన ఆ చిన్న శరీరం ఏలియన్ కాదని తేలింది, సరే. అయితే మరి అదెవరు? ఈ మాట ఆ రెండు పార్టీల్లో ఒక్కరూ అడగరు. మనం అడగాలి. పసిబిడ్డ ఒళ్లు కనిపిస్తే ముందు బట్ట కప్పాలని ఎవరూ చెప్పకుండానే తెలిసినవాళ్లం మనం.

అన్నీ ఒక గాటన కట్టేయడం లేదు. నవ్వుకుని వదిలేయాల్సినవీ ఉన్నాయి. ముందు వాటి సంగతి చూద్దాం.

ఈ వీడియోలన్నింటికీ ముత్తాతలాంటిది 1995లో వచ్చింది. రే శాంటిల్లి అనే లండన్ నిర్మాత ఓ పదిహేడు నిమిషాల నలుపు తెలుపు ఫిల్ము బయటపెట్టాడు. 1947లో అమెరికాలోని రాస్‌వెల్ అనే ఊరి దగ్గర పొలాల్లో ఏవో శకలాలు పడ్డాయి. సైన్యంవాళ్లు ముందు ఎగిరే పళ్లెం దొరికిందని ప్రకటించి, వెంటనే మాట మార్చి వాతావరణ బెలూన్ అన్నారు. అది సోవియట్ అణుపరీక్షల మీద నిఘాకి ఎగరేసిన రహస్య బెలూన్ల సామాను అని 1994లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ తేల్చి చెప్పింది. కానీ మొదట అన్న మాట జనం నోట్లో నానుతూనే ఉంది. ఆ పళ్లెంలో దొరికిన ఏలియన్ శవానికి డాక్టర్లు పోస్టుమార్టం చేస్తుంటే సైన్యం కెమెరామన్ తీసిన ఫిల్ము ఇదేనని శాంటిల్లి చెప్పాడు. అమెరికాలో ఫాక్స్ టీవీ ఆగస్టు 1995లో దాన్ని ప్రసారం చేసింది. తర్వాత ఎన్ని దేశాల టీవీలు చూపించాయో.

పదకొండేళ్లు గడిచాక, 2006లో నిజం బయటికొచ్చింది. ఆ శవాన్ని తయారు చేసింది జాన్ హంఫ్రీస్ అనే శిల్పి. తీసింది లండన్‌లో ఓ ఖాళీ ఫ్లాట్‌లో. ఆ బొమ్మ కడుపులో, తలలో కూరింది గొర్రె మెదడు, కోడి పేగులు, మాంసం మార్కెట్ నుంచి తెచ్చిన కీళ్ల ఎముకలు! మా వీధి చివర మటన్ కొట్టతనికి చూపించినా చెప్పేసేవాడు. దొరికిపోయాక కూడా శాంటిల్లి ఏమన్నాడో తెలుసా? అసలు ఫిల్ము ఉండేదట, అది పాడైపోయిందట, అందుకని తను మళ్లీ "పునరుద్ధరించాడట". పాలు విరిగిపోయాయి కనుక పిండినీళ్లు పోశానన్నట్టు.

ఇందులో పోయింది జనం టైమే. బొమ్మని కోశారు, బొమ్మకి నొప్పి లేదు, దాని కోసం ఏడ్చే తల్లి లేదు. ఇలాంటివి ఎన్ని వచ్చినా నాకు అభ్యంతరం లేదు. హాయిగా పకోడీలు తింటూ చూడచ్చు.

మన విశాఖపట్నం ఏలియన్లు గుర్తున్నాయా? 2017లో అక్కడ కడుతున్న ఓ భవనంలో మూడు వింత ప్రాణులు కనిపించాయి. తెల్లటి ముఖాలు, నల్లటి కళ్లు, బోడి ఒళ్లు, మనుషుల్లా నిటారుగా నిలబడి, కెమెరా వైపు తలలు తిప్పి తిప్పి చూస్తున్నాయి. ఏలియన్లంటూ ఆ వీడియో ప్రపంచమంతా తిరిగొచ్చింది. తీరా చూస్తే అవి గుడ్లగూబ పిల్లలు. ఇంగ్లీషులో బార్న్ ఆవుల్ అంటారే, ఆ జాతి. ఇంకా ఈకలు సరిగ్గా రాని పసిగుడ్లు. మనుషుల అలికిడికి బెదిరి మూలకి నక్కి నిలబడ్డాయి. కాకిపిల్ల కాకికి ముద్దన్నారు మన పెద్దలు, గుడ్లగూబ పిల్లా అంతే. వేటకెళ్లిన తల్లి తిరిగొచ్చి చూసుకునే ముద్దుబిడ్డల్నే మనం పట్టుకుని గ్రహాంతరవాసులన్నాం.

అక్కడ నేను నవ్వాను. ఆ తర్వాత మా అబ్బాయి, బాబాయిని ఓడించడానికి, ఇంకో "తేలిపోయిన కేసు" లింకు పెట్టాడు. అది మొత్తం చదివాక నవ్వు రాలేదు.

దక్షిణ అమెరికాలో చిలీ అని ఒక దేశం. అక్కడ అటకామా అనే ఎడారి, ప్రపంచంలోనే అతి పొడిగా ఉండే చోట్లలో ఒకటి. అందులో లా నోరియా అనే ఊరు. నైట్రేట్ గనుల కోసం పుట్టి, గనులు మూతపడ్డాక పాడుబడిపోయింది. 2003లో అమ్ముకోదగ్గ పాత సామానేమైనా దొరుకుతుందేమోనని అక్కడ వెతుకుతున్న ఒకతనికి చర్చి దగ్గర ఒక మూట కనిపించింది. తెల్లబట్టలో చుట్టి, వంగపండు రంగు రిబ్బనుతో కట్టి ఉంది. విప్పితే లోపల ఆరంగుళాల మనిషి ఆకారం. ఎడారి పొడికి ఎండిపోయి అట్లాగే నిలిచి ఉంది. కోసుగా సాగిన తల. రెండు పక్కలా పది జతల పక్కటెముకలే.

అతను దాన్ని అమ్మేశాడు. కొన్నవాళ్లు ఇంకొకరికి అమ్మారు. చివరికి స్పెయిన్‌లో ఒక వ్యాపారి చేతికి చేరింది. "ఆటా" అని పేరు పెట్టారు. ఏలియనేనని ప్రచారం మొదలైంది. 2013లో "సిరియస్" అనే డాక్యుమెంటరీలో పెద్ద ఆకర్షణ ఇదే. చేతుల్లో పెట్టుకుని తిప్పుతూ, ఎక్స్‌రేలు తీస్తూ, దగ్గర్నుంచి చూపిస్తూ. మన ఫోన్లలో ఇప్పటికీ తిరుగుతున్న బొమ్మల్లో ఇదొకటి.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో గ్యారీ నోలన్ అనే శాస్త్రవేత్త డిఎన్ఏ పరీక్ష చేశారు. మనిషేనని 2013లోనే తేలింది. 2018లో పూర్తి వివరాలతో పరిశోధనా పత్రం వచ్చింది. ఆడపిల్ల. చిలీ ప్రాంతపు మూలాలున్న పిల్ల. వందల ఏళ్ల నాటి మమ్మీ కూడా కాదు, ఓ నలభై ఏళ్ల కిందటిదై ఉండచ్చని అంచనా. ఎముకల పెరుగుదలలో తేడా తెచ్చే జన్యులోపాలు ఆ పిల్లలో ఉన్నాయని ఆ పత్రంలో రాశారు. అదే ఏడాది న్యూజీలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీకి చెందిన షాన్ హాల్‌క్రో అనే శాస్త్రవేత్త్రి, ఇంకొందరు కలిసి దానికి జవాబు రాశారు. ఆ శరీరంలో అసహజమైనదేదీ లేదన్నారు. పదిహేను వారాల పిండం అలాగే ఉంటుందన్నారు. మిగతా పక్కటెముకలు ఆ వయసుకి ఇంకా ఏర్పడవు. తల సాగి ఉండటానికీ మామూలు కారణాలే ఉన్నాయి.

పదిహేను వారాలు! మనకి లెక్క చెప్పక్కర్లేదు. నాలుగో నెల.

ఇది చదివే మనలో నాలుగో నెలలో పోగొట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు? మీరు కాకపోతే మీ అక్క, మీ వదిన, మీ అమ్మ. మన ఇళ్లల్లో ఆ లెక్క ఎవరూ పైకి చెప్పరు. "ఎంతమంది పిల్లలమ్మా" అంటే "ఇద్దరండీ" అంటారు. మూడో వేలు చీరకొంగులో దాచుకుంటారు. ఇక పుట్టి పోయిన పసివాళ్లని మన వైపు చాలా కులాల్లో దహనం చేయరు, పూడ్చిపెడతారు. మగవాళ్లెవరో బట్టలో చుట్టి తీసుకెళ్తారు. ఎక్కడ పెట్టారో చాలామంది తల్లులకి చెప్పను కూడా చెప్పరు, తెలిస్తే బెంగపెట్టుకుంటుందని. ఆ తల్లికి మిగిలేది, బట్టలో చుట్టారన్న ఒక్క మాటే.

ఇప్పుడు ఆ మూటని మళ్లీ చూడండి. తెల్లబట్ట, వంగపండు రంగు రిబ్బను, పక్కన చర్చి. ఎవరో ఒక శుభ్రమైన గుడ్డ వెతికారు. అంత చిన్న ఒంటికి సరిపడేలా మడిచారు. తాడుతోనో నారతోనో కట్టొచ్చు, రిబ్బను తెచ్చి కట్టారు. దేవుడి గుడికి దగ్గరగా ఉంచారు. ఆ రిబ్బను కట్టింది తల్లో అమ్మమ్మో మంత్రసానో మనకి తెలియదు. ఎవరైనా సరే, పారేసే వస్తువుకి రిబ్బను కట్టరు. పక్కటెముకల దాకా లెక్కపెట్టిన ప్రపంచం ఆ రిబ్బను దగ్గర ఆగి ఆలోచించలేదు.

నలభై ఏళ్లే అయితే ఆ తల్లి ఇప్పటికీ బతికి ఉండచ్చు. ఏ టీవీలోనో తన రిబ్బను చూసి ఉండచ్చు. 2018లో ఆ పరిశోధనా పత్రం వచ్చాక చిలీ శాస్త్రవేత్తలే గట్టిగా అడ్డం తిరిగారు. సమాధి తవ్వి, దేశం దాటించి, అమ్ముకున్న బిడ్డ మీద పరిశోధన ఏమిటని అడిగారు. అక్కడి ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది. ఆ బిడ్డని సొంత దేశానికి పంపి, అక్కడి ఆచారం ప్రకారం పూడ్చిపెట్టాలని పరీక్ష చేసిన నోలన్ కూడా అన్నారు. ఆ మాటలేవీ మన గ్రూపుల దాకా రాలేదు. మన దాకా వచ్చింది మ్యూజిక్కుతో ఉన్న వీడియో ఒక్కటే.

ఇదొక్కటే అయితే పొరపాటు జరిగిందనుకునేదాన్ని. 2015 మే 5న మెక్సికో నగరంలో ఓ పెద్ద ఆడిటోరియంలో టికెట్లు పెట్టి జనాన్ని పిలిచి రెండు పాత ఫొటో స్లైడ్లు చూపించారు. గాజుపెట్టెలో పడుకున్న చిన్న శరీరం. రాస్‌వెల్‌లో దొరికిన ఏలియన్ ఇదేనన్నారు. నిపుణులని కొందరు వేదికెక్కి ఇది మనిషి శరీరం కానే కాదన్నారు. ఆ పెట్టెలో శరీరం పక్కనే ఓ చీటీ ఉంది, అక్షరాలు మసకగా ఉన్నాయి. మసక పోగొట్టే సాఫ్ట్‌వేర్ పెట్టి కొద్ది రోజుల్లోనే కొందరు ఆ చీటీ చదివేశారు. రెండేళ్ల మగపిల్లవాడి మమ్మీ అని ఉంది అందులో. అమెరికా ఆదివాసుల బిడ్డ. ఒకప్పుడు మీసా వర్డీ అనే చోట మ్యూజియంలో అద్దాల వెనక పెట్టారు.

ఆ చీటీలో ఇంకో సంగతి కూడా ఉంది. పూడ్చిపెట్టినప్పుడు ఆ పిల్లవాడి ఒంటిమీద తల మీంచి తొడిగే నూలు చొక్కా ఉందట. చుట్టూ చిన్న చిన్న నూలు దుప్పట్లు చుట్టి ఉన్నాయట.

ఇక్కడా బట్టే! అక్కడ రిబ్బను, ఇక్కడ చొక్కా, దుప్పట్లు. ఎన్నో వందల ఏళ్ల కింద ఎవరో తల్లి రెండేళ్ల కొడుక్కి చొక్కా తొడిగి, చలేస్తుందన్నట్టు దుప్పట్లు చుట్టి మట్టిలో పడుకోబెట్టింది. ఆ బట్టలు విప్పి అద్దాల పెట్టెలో పెట్టింది ఒకరు, ఫొటో తీసుకుంది ఇంకొకరు, టికెట్లు అమ్ముకుంది మరొకరు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడన్న సామెత వీళ్లని చూసే పుట్టి ఉంటుంది.

ఆ స్లైడ్ల సభ పెట్టిన హైమే మౌసాన్ అనే టీవీ జర్నలిస్టే 2023 సెప్టెంబరులో ఏకంగా మెక్సికో పార్లమెంటులోకి రెండు పెట్టెలు పట్టుకొచ్చాడు. పెరూ దేశంలో దొరికిన, వెయ్యేళ్ల నాటి మనుషులు కాని ప్రాణులన్నాడు. అలాంటివే రెండు బొమ్మలు పెరూ కస్టమ్స్ వాళ్లకి పట్టుబడితే, అక్కడి ఫోరెన్సిక్ నిపుణులు పరీక్షించారు. జంతువుల ఎముకల్ని ఈ కాలపు జిగురుతో అతికించి చేశారని 2024 జనవరిలో చెప్పారు. ఒకసారి బిడ్డని చూపించి దొరికిపోయిన మనిషి మాట ఇంకోసారి వినడానికి అంత పెద్ద సభే సిద్ధమైతే, మా మరిదిని ఏమనగలను?

"చిలీ, మెక్సికో మనకెందుకమ్మా" అంటారేమో. మన సంగతికే వస్తున్నాను.

యూట్యూబ్‌లో తెలుగులో "వింత శిశువు" అని కొట్టి చూడండి. వద్దు, కొట్టకండి, నేను చెప్తాను. "ఏలియన్ రూపంలో శిశువు", "బ్రహ్మంగారు చెప్పినట్టే జరిగింది", "చూస్తే షాకవుతారు". లోపల ఆసుపత్రి మంచం మీద అప్పుడే పుట్టిన బిడ్డ. ఒంటిమీద బట్ట ఉండదు. ముఖం మీద లైటు. వెనక ఎవరివో గొంతులు.

ఆ బిడ్డల్లో కొందరికి ఉండేది హార్లెక్విన్ ఇక్తియోసిస్ అనే చర్మవ్యాధి. చర్మం మందంగా పలకలు పలకలుగా పగిలి, ఆ బిగువుకి కనురెప్పలు, పెదవులు వెనక్కి తిరిగిపోయి ఎర్రగా కనిపిస్తాయి. లక్షల్లో ఒకరికి వస్తుంది. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఒకే జన్యువు లోపంతో ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. గ్రహణం రోజు తల్లి కూరగాయలు తరగడం వల్ల రాదు. ఎవరి శాపం వల్లా రాదు. ఆ బిడ్డలకి పగిలిన చర్మంలోంచి నీరు పోతుంది, ఒళ్లు చల్లబడిపోతుంది, క్రిములు సోకుతాయి. వాళ్లకి కావలసింది వెచ్చదనం, తడి, శుభ్రత. చుట్టూ చేరిన ఫోన్లు కాదు. 2016లో నాగ్‌పూర్‌లో ఇలా పుట్టిన ఆడపిల్ల రెండు రోజులే బతికింది. మంచి వైద్యం అంది పెరిగి పెద్దవాళ్లయినవాళ్లూ ప్రపంచంలో ఉన్నారు. వాళ్లు మాట్లాడతారు, ఉద్యోగాలు చేస్తారు. తమ పసితనం ఫొటోల కింద జనం రాసినవి చదువుతారు కూడా.

మా దూరపు చుట్టాల్లో ఒక అమ్మాయి ఉంది. పేరు, ఊరు చెప్పను. తొలికాన్పులో బిడ్డ తల ఎముక సరిగ్గా ఏర్పడక పుట్టి కొన్ని గంటలకే పోయింది. తల్లి మత్తులో ఉంది, చూపించలేదు. చూస్తే తట్టుకోలేదని పెద్దవాళ్లే వద్దన్నారు. కానీ ఆ వార్డులో ఎవరో ఫోన్లో వీడియో తీశారు. మూడు వారాల తర్వాత, పుట్టింట్లో బాలింతగా మంచం మీద ఉన్న ఆ పిల్లకి తన కాలేజీ స్నేహితుల గ్రూపులోనే అది వచ్చింది. కింద "ఏలియనా? నిజమా? ఫేకా? కామెంట్ చేయండి" అని ఉంది. పంపినవాళ్లకి ఎవరిదో తెలియదు. ఆ అమ్మాయికి బిడ్డ చేతికి కట్టిన పట్టీ మీద తన పేరు కనిపించింది. తన బిడ్డని మొదటిసారి చూసుకోవడం అలా జరిగింది.

ఆ గ్రూపులో కూడా రెండు పార్టీలు ఉన్నాయట. కొందరు నిజమన్నారు, కొందరు గ్రాఫిక్స్ అన్నారు. అక్కడ గెలిచిందెవరో మా అబ్బాయిని చెప్పమన్నాను.

వాడు చెప్పిన జవాబు కూడా రాస్తాను, ఎందుకంటే అందులో న్యాయం ఉంది. "అమ్మా, ఫేకని తేల్చాలంటే ఎవరో ఒకరు చూడాలి కదా, పరీక్ష చేయాలి కదా? ఆటాకి డిఎన్ఏ పరీక్ష చేయకపోతే ఇప్పటికీ ఏలియనే అనేవాళ్లు" అన్నాడు. నిజమే. పరీక్షని నేను కాదనను. డాక్టర్ చూడటం వేరు, వీధి చూడటం వేరు. మనిషని తేలిన నిమిషం నుంచి ఆ శరీరం వస్తువు కాదు, దానికి కొన్ని మర్యాదలున్నాయి. 2013లో మనిషని తెలిసిపోయాక కూడా ఇంకా కోయాలా, ఇంకా చూపించాలా అనే కదా ఆ దేశంవాళ్లు అడిగింది. "ఇది ఏలియన్ కాదు, మనిషి పిండం, హహహ" అని అదే బొమ్మని మళ్లీ పెట్టి గెలిచేవాళ్లని చూశాను. ఆ బొమ్మ పెట్టకుండానే ఆ మాట చెప్పచ్చు. ఇక్కడ నేను ఒక్క బొమ్మా పెట్టలేదు. మీకు విషయం తెలియకుండా పోయిందా?

మరిది వాదం ఇంకోటి. "ఇంత పెద్ద విశ్వంలో మనమొక్కళ్లమే ఉన్నామంటావా వదినా?" అనను. ఎక్కడో ఏ నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మీదో ప్రాణం ఉండచ్చు. వేల కొద్దీ అలాంటి గ్రహాల్ని శాస్త్రవేత్తలు ఇప్పటికే గుర్తించారు. ఆ వెతుకులాట అందమైనది. మన పిల్లలు రాత్రిపూట డాబా మీద పడుకుని ఆకాశం చూస్తూ అడిగే ప్రశ్నలకి నేనెప్పుడూ అడ్డం చెప్పను. కానీ ఆ ప్రశ్నకి జవాబు ఒక బిడ్డ సమాధిలో వెతకక్కర్లేదు. నక్షత్రాల గురించి అంత ఆసక్తి ఉన్నవాళ్లు టెలిస్కోపు కొనుక్కోవచ్చు.

ఇక "ఊరికే సరదాకి పంపాం, ఎవరికేం నష్టం" అనేవాళ్లకి చెప్పేదేమీ లేదు. పైన బాలింత సంగతి ఇంకోసారి చదవమంటాను.

పోయిన ఏడాదిగా నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఇలాంటి వీడియో వస్తే నిజమా ఫేకా అన్న చర్చలోకి దిగను. "ఇది ఎవరి బిడ్డ?" అని ఒక్క ముక్క రాస్తాను, అంతే. మొదటిసారి ఎవరూ జవాబివ్వలేదు. రెండోసారి పంపినాయన తీసేశాడు. మూడోసారి, నేను చూసేలోపే, మా తోడికోడలు ఆ ముక్క రాసేసింది. ఆవిడ ఆ గ్రూపులో అంతకుముందు నోరు విప్పింది లేదు. ఆవిడకి కూడా లెక్కలో చెప్పని మూడో బిడ్డ ఉందని మా ఇద్దరికే తెలుసు.

ఇది పెద్ద ఉద్యమమేం కాదు. ఫోన్ మన చేతిలోనే ఉంది, వేలూ మనదే. గొర్రె మెదడు కూరిన బొమ్మ అయితే నవ్వుకోండి. గుడ్లగూబ పిల్లలైతే ముద్దొస్తున్నాయని చెప్పండి. ఒంటిమీద బట్ట లేని చిన్న మనిషి శరీరం అయితే మాత్రం, ముందుకు పంపకండి. ఛానల్ దైతే రిపోర్ట్ కొట్టండి. అది ఎలా కొట్టాలో తెలియకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి, వాళ్లకి బాగా వచ్చు. కాన్పుకి ఎవరితోనైనా ఆసుపత్రికి వెళ్తే, పక్క మంచం వైపు ఎవరి ఫోన్ అయినా లేస్తే, చూస్తూ ఊరుకోకండి. అడ్డంగా నిలబడండి. మీ దగ్గరున్న తువ్వాలో, పాత నూలుచీర ముక్కో ఆ తల్లికివ్వండి.